ఇంటింటి ఆరోగ్యం: నడివయసులో జ్ఞాపకం తడబడినప్పుడు

గడచిన మాసంలో ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఎక్కువభాగం మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, పిల్లల కంటిచూపు గురించినవే. ఒక్కటి మాత్రం వేరుగా ఉన్నది. వ్రాసినవారు మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్న ఒక ఉద్యోగి సతీమణి. పేరు, యూనిట్ వెల్లడించవద్దని కోరారు. ఆమె వ్రాసిన దాని సారాంశం ఇది.

భర్త వయస్సు 49. ఏడెనిమిది నెలలుగా అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నారు. ఉదయం చెప్పిన సంగతి సాయంత్రం క్రొత్తగా వింటున్నారు. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన సహోద్యోగి పేరు నోటికి రాక "ఆయనే, ఆయనే" అని ఆగిపోతున్నారు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు, చిన్నమ్మాయి ఫీజు కట్టనేలేదు. డ్యూటీకి బయలుదేరే ముందు అరచేతిలో బాల్‌పెన్నుతో ఏవో వ్రాసుకుంటున్నారు. తిరిగి రాగానే ఎవరూ చూడకముందే సబ్బుతో కడిగేసుకుంటున్నారు. పట్నంలో ఒక డాక్టరుకు చూపించుకుంటే రక్తపరీక్ష, తల స్కాన్ చేయించి "అంతా బాగానే ఉన్నది, వయసు ప్రభావం, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారట. త్వరలో ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉన్నదని, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని భర్త ఆమెచేత ఒట్టు వేయించుకున్నారు.

"అంతా బాగానే ఉంటే మావారు ఇలా ఎందుకు ఉన్నారు? కారణం తెలిసేదాకా నేనేం చేయాలి?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

ఒట్టు తప్పి వ్రాసినందుకు ముందుగా ఆమెను అభినందించాలి. మొదటి ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర చాలా సందర్భాలలో సమాధానం ఉన్నది, కొన్ని సందర్భాలలో నిజంగానే లేదు. రెండవ ప్రశ్నకు సమాధానం డాక్టరు చీటీ మీద దొరకదు. ఇంట్లోను, పనిచేసే చోటనూ కుదుర్చుకోవలసినది అది.

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం, వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చామా అని నిలబడిపోవడం, పెళ్ళిలో కనిపించిన దూరపు బంధువు పేరు తట్టకపోవడం నలభై దాటిన ప్రతివారికీ అనుభవమే. ఆ పేరు మర్నాడు స్నానం చేస్తుండగా తటాలున స్ఫురిస్తుంది. కాసేపు తలుపు బిగుసుకున్నదే తప్ప లోపలి సామాను ఎక్కడికీ పోలేదన్నమాట. ఆలోచించవలసిన మరపు వేరు. పెళ్ళికి వెళ్ళిన సంగతే గుర్తులేకపోవడం, ఎవరైనా గుర్తుచేసినా "అవును కదా" అనిపించకపోవడం, ఏళ్ళ తరబడి చేసిన పనిలో ఒక మెట్టు తప్పడం, నిత్యం తిరిగే దారిలో తికమకపడడం వంటివి నెలనెలా పెరుగుతూ ఉంటే వాటిని వయసు ఖాతాలో వ్రాసి ఊరుకోరాదు. అయినా 49 ఏళ్ళ మనిషిని ముసలివాడని ఏ లెక్కన అంటాము?

నరాల వైద్యులు గమనించే ఒక చిన్న విశేషం ఉన్నది. తన మరపుల జాబితా అంతా, ఏ రోజు ఎక్కడ ఏమి జరిగిందో సహా, రోగి తానే పూసగుచ్చినట్లు చెబితే మెదడు క్షీణించే జబ్బుకంటె ఆందోళన, దిగులు, నిద్రలేమి వంటివాటి వైపు వారి దృష్టి ముందుగా పోతుంది. అడిగిన ప్రతి ప్రశ్నకూ ప్రక్కన కూర్చున్న భార్య వైపో భర్త వైపో తల తిప్పి చూసే రోగి విషయంలో మరింత జాగ్రత్త పడతారు. ఇది ఒక సూచన మాత్రమే. ఇంట్లో కూర్చుని ఎవరికివారు తీర్పు చెప్పుకోవడానికి పనికిరాదు.

స్కాన్ చెప్పనివి

తల స్కాన్ బాగున్నదంటే గడ్డ, రక్తస్రావం, పక్షవాతపు పెద్ద మచ్చ కనబడలేదని అర్థం. అది మంచి వార్తే. కాని రక్తంలో బి 12 విటమిన్ ఎంత ఉన్నదో, థైరాయిడ్ గ్రంథి ఎలా పనిచేస్తున్నదో, మనిషి రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో, ఏయే మాత్రలు మింగుతున్నాడో ఆ ఫిల్ములో కనబడదు. "రక్తపరీక్ష అయింది" అన్న మాట కూడా అంతే. చక్కెర, హిమోగ్లోబిన్ మాత్రమే చూసినా అది రక్తపరీక్షే. కాగితం తీసి ఏవి చూశారో, ఏవి చూడలేదో తెలుసుకోవాలి.

ముందుగా బి 12 సంగతి. ఇది మొక్కల ఆహారంలో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారానే మనకు అందుతుంది. శాకాహారులు అధికంగా ఉన్న మన దేశంలో ఈ లోపం విరివిగా కనిపిస్తుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ళ తరబడి తీసుకునేవారిలోను, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులను ఆపకుండా వాడేవారిలోను ఈ విటమిన్ ఒంటబట్టడం తగ్గుతుంది. రక్తహీనత లేకపోయినా బి 12 లోపం నరాలనూ జ్ఞాపకాన్నీ దెబ్బతీయగలదు గనుక హిమోగ్లోబిన్ బాగున్నదని ఈ పరీక్షను వదిలిపెట్టకూడదు. పాదాలలో తిమ్మిర్లు కూడా తోడైతే అనుమానం మరింత బలపడాలి. సకాలంలో పసిగడితే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయవచ్చు.

థైరాయిడ్ మందగించినా మనిషి మందగిస్తాడు. బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, మాటలో చురుకు తగ్గడం దాని లక్షణాలు. రక్తంలో సోడియం, కాల్షియం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలతోబాటు సిఫిలిస్, హెచ్.ఐ.వి. పరీక్షలు కూడా డాక్టర్లు వ్రాయవచ్చు. అవమానంగా భావించవద్దు. రెండూ మెదడుకు సోకగలవి, రెండింటికీ చికిత్స ఉన్నది.

మన ఉద్యోగులకు ప్రత్యేకించి చెప్పవలసినది నిద్ర గురించి. పగటి అనుభవాలు మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరం. వారం వారం మారే షిఫ్టులలో పదిహేను, ఇరవై ఏళ్ళు గడిపినవారికి పగటి నిద్ర ఎంత తెగితెగి పడుతుందో క్వార్టర్స్‌లో ఉండే ప్రతి ఇల్లాలికీ తెలుసు. దీనికి తోడు గురక ఉండి, గురక మధ్యలో ఊపిరి ఆగినట్లయి, ఉలిక్కిపడి మళ్ళీ గురక మొదలైతే అది నిద్రలో శ్వాస ఆగే రుగ్మత. లావుగా ఉన్నవారిలో, రక్తపోటు ఉన్నవారిలో ఎక్కువ. రోగికి తెలియదు, ప్రక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. పగలంతా మత్తు, మరపు, చిరాకు దీని ఫలితాలు. చికిత్స తీసుకున్నవారిలో చాలామందికి తల తేటపడుతుంది.

ఇక మందులు. నిద్ర కోసం నెలల తరబడి వాడే అల్ప్రజోలామ్ వంటి మాత్రలు, జలుబుకూ దురదకూ వాడే క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత రకం మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మందులు జ్ఞాపకాన్ని మసకబరుస్తాయి. వాడుతున్నవన్నీ, మందుల షాపువాడు చీటీ లేకుండా ఇచ్చినవి సహా, ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. అయితే అల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. డాక్టరు చెప్పిన ప్రకారం క్రమంగా తగ్గించుకోవాలి.

మద్యం సంగతి ఇంట్లోవారు చెప్పడానికి మొహమాటపడతారు. ఎక్కువగా త్రాగుతూ సరిగా తినని మనిషిలో థయమిన్ అనే బి 1 విటమిన్ లోపించి, క్రొత్త విషయాలు నిలవకుండా పోయే జబ్బు వస్తుంది. 1887లో దీనిని వర్ణించిన రష్యన్ వైద్యుడు కోర్సకోవ్ పేరుతోనే అది ఈనాటికీ వ్యవహారంలో ఉన్నది. తొలిదశలో థయమిన్ ఇంజెక్షన్లు చాలా నష్టాన్ని ఆపగలవు. ఆలస్యమైతే ఆ మేరకు నష్టం నిలిచిపోతుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మొహమాటం కూడదు.

బయటి డాక్టర్లకు తెలియనిది, మనమే చెప్పవలసినది మరొకటి ఉన్నది. అది మన పని. "ఫలానా కంపెనీలో ఉద్యోగం" అంటే ఆయన కుర్చీలో కూర్చునే పని అనుకోవచ్చు. సీసం, పాదరసం, మాంగనీస్ ధూళి, పెయింట్లలోను గ్రీజు కడగడంలోను వాడే సాల్వెంట్ల ఆవిర్లు దీర్ఘకాలం సోకితే మెదడు మీద ప్రభావం ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు స్పృహ తప్పి లేచినవారిలో కొందరికి, బాగైపోయిందనుకున్న తరువాత కొన్ని రోజులకో వారాలకో జ్ఞాపకం, ప్రవర్తన దెబ్బతినడం వైద్యగ్రంథాలలో ఉన్నది. ఎప్పుడైనా గ్యాస్ సోకి ప్రథమ చికిత్స కేంద్రానికి వెళ్ళి ఉంటే ఆ తేదీ చెప్పాలి. స్కూటరు మీదనుంచి పడి, దులుపుకుని లేచి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. పుర్రెకూ మెదడుకూ మధ్య నెమ్మదిగా చేరే రక్తం కొన్ని వారాల తరువాతగాని బయటపడకపోవచ్చు.

కంప్రెసర్ల హోరులో ఏళ్ళపాటు పనిచేసినవారికి వినికిడి తగ్గుతుంది. సగం విన్న మాట సగమే గుర్తుంటుంది. ఇంట్లోవారు దానిని మరపు అనుకుంటారు. చెవి పరీక్ష చేయించకుండా మెదడును అనుమానించడం తొందరపాటు. అంతేకాదు, నడివయసులో సరిదిద్దని వినికిడి లోపం తరువాతి కాలంలో డిమెన్షియాకు దోహదం చేసే కారణాలలో ముఖ్యమైనదని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం చెబుతున్నది. ఆ సంఘం 2024 నివేదికలో రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం, చెడు కొలెస్టరాల్, చూపు తగ్గడం వంటి 14 కారణాలను పేర్కొని, వాటిని అదుపు చేయగలిగితే డిమెన్షియా కేసులలో సుమారు 45 శాతం నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది.

దిగులు గురించి రెండు మాటలు. మగవారు ఏడవరు, విసుక్కుంటారు. ఆకలి తగ్గి, తెల్లవారుజామున మెలకువ వచ్చి, దేనిమీదా మనసు నిలవక, చెప్పింది తలకెక్కకపోతే అది మానసిక కుంగుబాటు కావచ్చు. పైకి అచ్చంగా మతిమరపులాగే ఉంటుంది, చికిత్సకు లొంగుతుంది. స్త్రీలలో ముట్లుడిగే కాలంలో కొంతకాలం పేర్లు, మాటలు తడుముకోవడం కూడా సహజమే.

నిజంగానే అంతుపట్టనివి

ఇన్ని వెదికినా కారణం దొరకని సందర్భాలు ఉంటాయి. ఒక విచిత్రమైన ఉదాహరణ చెప్పుకుందాం. 50 నుంచి 70 ఏళ్ళ మధ్య వయసున్న, ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి ఉన్నట్టుండి "నేనిక్కడ ఎందుకున్నాను? ఇవాళ ఏ రోజు?" అని రెండు నిమిషాలకొకసారి అడగడం మొదలుపెడతాడు. తన పేరు తెలుసు, భార్యను గుర్తుపడతాడు, స్కూటరు తాళం ఎలా తిప్పాలో తెలుసు. చెప్పిన సమాధానం మాత్రం నిలవదు. కొన్ని గంటలలో, ఎంత ఎక్కువైనా 24 గంటలలోపు, అంతా మామూలైపోతుంది. ఆ కొద్ది గంటలు మాత్రం జీవితంలోంచి చెరిగిపోతాయి. అమెరికాలో ఫిషర్, ఆడమ్స్ అనే నరాల వైద్యులు 1958లో దీనికి పేరు పెట్టారు. చన్నీళ్ళలో మునగడం, బరువులెత్తడం, తీవ్రమైన ఉద్వేగం దీనికి ముందు జరిగి ఉండడం గమనించారు గాని, అసలు కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. చాలామందికి మళ్ళీ రాదు. అయితే పక్షవాతం, మూర్ఛ కూడా ఇలాగే మొదలుకావచ్చు గనుక, హఠాత్తుగా వచ్చిన మరపును ఇంట్లో పరీక్షిస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

నెమ్మదిగా వచ్చేదానిలో అందరూ భయపడేది అల్జైమర్ వ్యాధికి. అది ముసలివారి జబ్బు అన్నది చాలావరకు నిజమే, 65 ఏళ్ళలోపు అరుదు. కాని వైద్య చరిత్రలో నమోదైన మొట్టమొదటి రోగి నడివయసు స్త్రీయే. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆగస్టె డేటర్‌కు అప్పుడు 51 ఏళ్ళు. ఆమె భర్త రైల్వే గుమాస్తా. ఆమెను పరీక్షించిన డాక్టర్ అలోయిస్ అల్జైమర్, 1906లో ఆమె మరణించిన తరువాత మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆ ఏడాది నవంబరులో తాను చూసినది సాటి వైద్యులకు వివరించాడు. ఉద్యోగం చేసుకునే ఒక మామూలు సంసారంలోనే ఆ జబ్బును తొలిసారిగా గుర్తించారని మనం మరువరాదు.

ఈ రెండింటికీ నడుమ ఒక స్థితి ఉన్నది. పరీక్షలలో జ్ఞాపకం కొంత తగ్గినట్లు తేలుతుంది, రోజువారీ పనులు మాత్రం సాగిపోతుంటాయి. ఇటువంటివారిలో కొందరికి ముందు ముందు జబ్బు పెరుగుతుంది, కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు, కొందరు మామూలు స్థితికి వస్తారు. ఎవరు ఏ దారిన పోతారో ఒకనాటి పరీక్షతో తేలదు. అందుకే డాక్టర్లు ఆరు నెలలకో సంవత్సరానికో మళ్ళీ రమ్మంటారు. మొదటిసారి "బాగానే ఉన్నది" అన్నారని రెండవసారి వెళ్ళకపోవడమే మన ఇళ్ళలో జరిగే పొరపాటు. మొదటి పరీక్ష కాగితం జాగ్రత్తగా ఉంచితే రెండవదానిని దానితో పోల్చి చూడవచ్చు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వంటి పెద్ద సంస్థలలో ఇందుకు ప్రత్యేక నిపుణులు ఉన్నారు. మన మెడికల్ ఆఫీసరు సిఫార్సు ఉంటే పంపడం కష్టం కాదు.

లాగ్‌బుక్ పద్ధతి

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. కారణం తెలిసేదాకా, లేక ఎప్పటికీ తెలియకపోతే, రోజు గడిచేదెలా?

మన ప్లాంటును ఒకసారి తలచుకోండి. షిఫ్టు మారేటప్పుడు ఏ వాల్వు మూసి ఉన్నదో, ఏ పంపు మరమ్మతులో ఉన్నదో ఎవరైనా జ్ఞాపకం మీద చెబితే ఒప్పుకుంటామా? లాగ్‌బుక్‌లో వ్రాయాలి, సంతకం పెట్టాలి. స్విచ్చి మీద ట్యాగ్ వేలాడాలి. పర్మిట్ లేనిదే పని మొదలుకారాదు. ఇంత పెద్ద కర్మాగారం ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద కూడా ఆధారపడకుండా నడుస్తున్నది. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. ఇంటికి వచ్చేసరికి మాత్రం జ్ఞాపకం మీద ఆధారపడకపోతే పరువు తక్కువనుకుంటాము. అరచేతిలో వ్రాసుకోవడం తప్పు కాదు, కాని చెమటకు చెరిగిపోయే కాగితం అది. దానికి బదులు జేబులో పట్టే పుస్తకం ఒక్కటి, ఒక్కటే, ఉండాలి. నాలుగు చోట్ల నాలుగు చీటీలు ఉంటే అవే మరొక మరపు. తేదీ వేసి చేయవలసినది వ్రాయాలి, చేసిన వెంటనే కొట్టివేయాలి. కొట్టివేయడం ముఖ్యం. లేకపోతే కరెంటు బిల్లు మళ్ళీ రెండుసార్లు కట్టవలసి వస్తుంది.

తాళాలు, కళ్ళజోడు, గుర్తింపు కార్డు, మాత్రల డబ్బా తలుపు ప్రక్కన ఒకే చోట ఉండాలి. ఈ స్థిరమైన అలవాటుకు ఇంత విలువ ఎందుకో అమెరికాలో జరిగిన ఒక చరిత్ర వలన తెలిసింది. 1953లో హెన్రీ మొలాయిసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛరోగం తగ్గించడానికి మెదడులో రెండువైపులా కొంతభాగం తొలగించారు. ఆ తరువాత 2008లో మరణించేవరకు అతనికి క్రొత్త సంఘటన ఏదీ మనసులో నిలవలేదు. కాని బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల వెంట పెన్సిల్ నడిపించగా, రోజు రోజుకూ అతని చేయి తిరిగింది. ప్రతిరోజూ అతడు ఆ పని ముందెన్నడూ చేయలేదనే భావించేవాడు. సంగతులను దాచుకునే జ్ఞాపకం వేరని, అలవాటును దాచుకునే జ్ఞాపకం వేరని దీనివలన రుజువైంది. మొదటిది బలహీనపడినా రెండవదానిని పట్టుకుని చాలా పనులు నెట్టుకురావచ్చు. అందుచేత ఇంట్లో సామాను మాటిమాటికీ సర్దడం, బీరువా చోటు మార్చడం కొంతకాలం మానుకోవాలి.

మొబైల్ ఫోనులో అలారం పెట్టుకోవడం కూడా ఏదో సరదా చిట్కా కాదు. బ్రిటన్‌లో బార్బరా విల్సన్ బృందం 2001లో ప్రచురించిన పరిశీలనలో, మెదడు దెబ్బతిన్నవారికి పేజర్లు ఇచ్చి వేళకు సందేశం పంపిస్తే వారు మాత్రలు వేసుకోవడం, వేళకు వెళ్ళడం వంటి పనులు బాగా మెరుగుపడ్డాయి. ఇప్పుడు పేజర్లు లేవు, ఆ పని చేసే ఫోను ప్రతి జేబులోను ఉన్నది. "మాత్ర" అని ఒక్క మాట కాకుండా "రక్తపోటు మాత్ర, తెల్ల డబ్బా, టిఫిను తరువాత" అని పూర్తిగా వ్రాసి పెట్టండి.

ఇంట్లోవారు మాట్లాడే తీరు గురించి అదే విల్సన్, అలన్ బాడ్లీతో కలిసి 1994లో కనుగొన్న సంగతి నాకు అన్నిటికంటె ఉపయోగకరంగా తోస్తుంది. జ్ఞాపకం దెబ్బతిన్నవారిచేత ఊహించి చెప్పించడం వలన మేలు కంటె కీడే ఎక్కువ. తప్పుగా ఊహించిన జవాబే మనసులో పాతుకుపోతుంది, తప్పు అని మనం దిద్దిన సంగతి మాత్రం నిలవదు. మనం ఏం చేస్తాము? "గుర్తు తెచ్చుకోండి చూద్దాం, మొన్న వచ్చినాయన ఎవరు?" అని మేష్టారి వలె నిలదీస్తాము. దానికి బదులు "మొన్న వచ్చిన మా పెద్దన్నయ్య ఫోన్ చేశాడండీ" అని పేరుతో సహా అందించి ముందుకు సాగిపోవాలి. "ఇప్పుడే కదా చెప్పాను" అన్న మాట ఇంట్లోంచి తీసివేయండి. ఆయనకు అది ఇప్పుడే చెప్పినట్లు లేదు, పోట్లాట మాత్రం మిగులుతుంది.

పత్రికలలో జ్ఞాపకశక్తిని పెంచే లేహ్యాల ప్రకటనలు చూసి డబ్బు తగలేయవద్దని కూడా చెప్పాలి. రోజూ అరగంట నడక, రక్తపోటు అదుపు చేసే మేలు ఏ సీసాలోనూ లేదు. ఒక సంతోషకరమైన విషయం: హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారి కంటె సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా జబ్బు లక్షణాలు కనబడ్డాయి. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. అన్ని దేశాల పరిశోధనలూ దీనితో ఏకీభవించలేదు గాని, పొరుగు క్వార్టరువారితో ఒడియాలోనో హిందీలోనో కబుర్లాడే మన టౌన్‌షిప్ గృహిణులు వినదగిన మాటే.

ఉద్యోగం మాటేమిటి?

దాచడానికి అసలు కారణం భయం. తెలిస్తే ఉద్యోగం పోతుందేమో, పదోన్నతి పోతుందేమో అన్న భయం. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కాని మరపును ఒంటరిగా మోసే మనిషి కదిలే యంత్రం దగ్గర, ఎత్తు మీద, విద్యుత్తు ప్యానెల్ ముందు నిలబడినప్పుడు ప్రమాదం అతనికొక్కడికే కాదు. ప్రక్కన పనిచేసే ఇద్దరు ముగ్గురికి కూడా. దాచిపెట్టినంతకాలం వారికి ఆ సంగతి తెలియదు.

చట్టం ఈ విషయంలో ఏమంటున్నదో మన ఉద్యోగులలో చాలామందికి తెలియదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పనికి తగకపోతే అదే వేతన శ్రేణితో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరొక పోస్టుకు మార్చాలి. తగిన పోస్టు లేకపోతే అది దొరికేవరకో, పదవీ విరమణ వరకో అదనపు పోస్టులో ఉంచవచ్చు. ప్రభుత్వ కంపెనీలు కూడా ఈ చట్టం చెప్పే ప్రభుత్వ సంస్థల నిర్వచనంలోకి వస్తాయి. మానసిక అనారోగ్యానికి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకానికి సంబంధించిన తీవ్రమైన రుగ్మత కూడా చేరి ఉన్నది. చిన్నచిన్న మరపులకు ఇది వర్తించదు, వైకల్యం వైద్యపరంగా ధ్రువపడాలి. అయినప్పటికీ నిజం చెబితే వీధిన పడతామన్న భయానికి ఇది కొంత విరుగుడు. ముందుగా మెడికల్ ఆఫీసరుతో మాట్లాడి, పరీక్షలు పూర్తయ్యేవరకు ప్రమాదం తక్కువగా ఉండే పని కేటాయించమని వ్రాతపూర్వకంగా కోరవచ్చు. పర్మిట్లు, ఐసొలేషన్లు ఇద్దరు కలిసి సరిచూసే ఏర్పాటు అడగవచ్చు. స్కూటరు, కారు నడపవచ్చా అన్నది కూడా డాక్టరునే తేల్చమనాలి.

ఇంటి పెత్తనపు కాగితాలు మాత్రం ఇప్పుడే, మనిషి తెలివిగా ఉండి సంతకం చేయగలిగినప్పుడే, చూసుకోవాలి. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉమ్మడి ఖాతాగా మార్చడం, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, బీమా నామినేషన్లు సరిచూడడం, పాలసీల, డిపాజిట్ల జాబితా వ్రాసి పెట్టడం ఒక్క ఆదివారపు పని. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కాని మన కాంట్రాక్టు చట్టం ప్రకారం వ్రాసి ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగిసిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే అది అక్కరకు రాదన్నమాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం తనకు ఎటువంటి చికిత్స కావాలో ముందుగా వ్రాసి ఉంచుకోవడానికి, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని నియమించుకోవడానికి అవకాశం ఉన్నది.

చూసుకునేవారి సంగతి కూడా ఒకటి ఉన్నది. ఆ సోదరి తన ఉత్తరంలో తన నిద్ర గురించి గాని, తన ఒంటి గురించి గాని ఒక్క మాట కూడా వ్రాయలేదు. పిల్లలకు వయసుకు తగినట్లు సంగతి చెప్పాలి. నాన్న తమను పట్టించుకోవడం లేదని వారు అపార్థం చేసుకోకుండా ఉంటారు. అన్నదమ్ములలోనో అప్పచెల్లెళ్ళలోనో ఒకరికైనా తెలియజేయాలి. 1992లో ప్రారంభమైన అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా శాఖలు ఇటువంటి కుటుంబాలకు సలహా ఇస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగే చేయనక్కరలేదు, ఇంట్లోవారు తమ బాధ చెప్పుకోవడానికీ చేయవచ్చు.